యజన్ యంత్రం ఎర్రగానే ఉంది

చచ్చిపోయిన యజన్ కమ్‌హావీ ఆ రోజు పొద్దున కూడా మెసేజ్ పెట్టాడు.

"కనీసపు వెర్షన్ల పరీక్ష: ఫెయిల్." అంతే. పక్కన ఎర్ర గుర్తు. కింద అతని పేరు, మాసిన గడ్డంతో నవ్వుతున్న చిన్న ఫొటో.

యజన్‌తో కలిసి పనిచేసిన ముతసిం కంప్యూటర్ తెర నా వైపు తిప్పి, తను మాత్రం గోడకేసి చూశాడు. "చూశారుగా మేడమ్? వాణ్ణి మట్టిలో పెట్టి నెల కావస్తోంది. రోజూ ఇదే వరస. బ్రెజిల్‌లో మాతో పనిచేసేవాడొకడు ఆ పేరు కనిపిస్తే చాలు, తెర మూసేసి బయటికి పోతున్నాడట. 'వాణ్ణి ఎవరైనా ఆపండి, నాకు భయమేస్తోంది' అని అందరికీ రాశాడు."

"మరి నువ్వెందుకు ఆపలేదు?"

"ఆ యంత్రం ఎక్కడుందో తెలిస్తేగా! వాడింట్లోనే ఎక్కడో పెట్టుకున్నాడు. మా పనంతా దూరం నుంచే కదా. వాడింటికి నేను వెళ్ళిందే తక్కువ, వెళ్ళినా ముందు గదిలో కూర్చుని చాయ్ తాగి వచ్చేయడమే."

నా పేరు వదాద్ హద్దాదీన్. అమ్మాన్ పోలీసుల్లో జీవితమంతా అరగదీసి బయటికొచ్చాను. ఇప్పుడు సొంతంగా కేసులు చూస్తున్నాను. మోకాలు అరిగింది కానీ నోరు మాత్రం అరగలేదు. కంప్యూటర్ల సంగతి నాకు పెద్దగా తెలీదు, తెలిసినట్టు నటించను కూడా. మనుషులు అబద్ధమాడేటప్పుడు ఎటు చూస్తారో తెలుసు. ముతసిం గోడకేసి చూస్తున్నాడు. అయితే ప్రాణస్నేహితుణ్ణి పోగొట్టుకున్నవాడు కూడా గోడకేసే చూస్తాడు, అదీ నాకు తెలుసు.

నన్ను ఈ పనికి పెట్టింది యజన్ చెల్లెలు సీరీన్. వాళ్ళ ఇంటి ముందు పరామర్శ పందిరిలో కుర్చీలు ఖాళీగా పడి ఉన్నాయట. మూడు రోజులూ చేదు కాఫీ కాచి కాచి, పోసేవాడే తాగేవాడు లేక పారబోశాడట. ఎందుకంటే ఊరంతా ఒకటే మాట: యజన్ తన తప్పుతో ఒక రోగి ప్రాణం తీశాడు, ఆ సిగ్గుతో మేడ మీంచి దూకాడు. "మా అన్నయ్య హంతకుడూ కాదు, దూకనూ లేదు పిన్నీ. అమ్మ వీధిలోకి వెళ్ళలేకపోతోంది" అని ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ చేతి చల్లదనం నాకు ఇంకా తెలుస్తూనే ఉంది.

ఇవాళ సాయంత్రానికి ఆ మాట కాగితాల మీద కూడా ఎక్కబోతోంది. ఇన్సూరెన్సు కంపెనీ వాళ్ళ దర్యాప్తు రిపోర్టు అందరికీ వెళ్ళిపోతుంది. వెళ్ళాక యజన్‌ని ఎవరూ మళ్ళీ అడగరు.

"నాకు మొదట్నుంచీ చెప్పు" అన్నాను ముతసింతో. "నీ మొహం చూసి సగం, నీ మాట విని సగం అర్థం చేసుకుంటాను."

అతను కొంచెం నవ్వాడు. పొడుగ్గా, శుభ్రంగా ఉన్నాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళ కింద నల్లబడింది.

సనద్ అనేది ఊరికే పంచిపెట్టే సాఫ్ట్‌వేర్. ఎవరి సొత్తూ కాదు, ఇరవై దేశాలవాళ్ళు తలో చెయ్యీ వేసి రాస్తారు. ఆసుపత్రిలో రోగి పక్కనుండే యంత్రం మోగితే, ఆ మోత క్లౌడ్ మీదుగా నర్సు ఫోనుకి చేరాలి. సనద్ చేసే పని అదే. దానికి ఇద్దరు పెద్దలు, యజన్, ముతసిం. రెండు నెలల కింద దక్షిణాన ఒక చిన్న ఊళ్ళో డయాలిసిస్ మీదున్న టీచరమ్మకి ఒంట్లో తేడా చేసింది. పక్కనున్న యంత్రం మోగింది కానీ నర్సు ఫోను మోగలేదు. ఆమె ప్రాణం పోయింది.

"సనద్ తనంత తాను నడవదు మేడమ్" అన్నాడు ముతసిం. "దాని కింద ఎవరెవరో రాసిన భాగాలు బోలెడుంటాయి. ఒక్కోటి కనీసం ఏ వెర్షన్ ఉంటే చాలో మేం రాసిపెడతాం. మోతని మోసుకెళ్ళే భాగానికి 2.4 ఉంటే చాలన్నాం. పేద ఆసుపత్రులు ఊరికే కొత్తవి పెట్టుకోలేవు కదా. మా మాట నమ్మి ఆ పాతదాన్నే ఉంచుకుంటాయి."

"ఆ మాట నిజమని మీకెలా తెలుసు?"

"అందుకే కనీసపు పరీక్ష. చెప్పినవాటిలో అన్నిటికంటే పాతవి పెట్టి నడిపి చూస్తాం. మా అసలు పరీక్ష ఏళ్ళ తరబడి పచ్చగానే ఉంది. అది రాసింది యజనే. సంతకం వాడిదే."

"ఆ టీచరమ్మ ఆసుపత్రిలో ఏ వెర్షన్ ఉంది?"

"2.4."

"మీరు చెప్పినట్టే పెట్టుకున్నారు. మీ పరీక్ష పచ్చగా ఉంది. అయినా ఫోను మోగలేదు. మరి యజన్ సొంత యంత్రమేమో రోజూ ఎర్రజెండా ఊపుతోంది. రెండిట్లో ఏది అబద్ధం?"

"వాడు ఆమె పోయాక అదే పిచ్చిలో పడ్డాడు మేడమ్. ఆ యంత్రంలో ఏం కలిపాడో, ఏం కెలికాడో ఎవరికి తెలుసు? పిచ్చెక్కినవాడి యంత్రం కదా. అందుకే ఎవరూ పట్టించుకోలేదు."

"నెల రోజులుగా దెయ్యంలా మెసేజ్‌లు పెడుతున్నా కూడానా?"

"అదే చెబుతున్నా. మా దగ్గర ఎర్ర గుర్తు మామూలే, ఎక్కడో ఒకటి వెలుగుతూనే ఉంటుంది. యంత్రం అసలు కనిపించకుండా పోతేనే గొడవ. ముందు సొంతదారుడి ఫోనుకి చెబుతుంది. గంట దాటితే అందరికీ గంట కొడుతుంది. అప్పుడు ఇరవై దేశాలవాళ్ళూ లేచి కూర్చుని ఏమైందేమైందని తవ్వుతారు."

ఆ మాట విని తలూపి ఊరుకున్నాను. అప్పుడు దాని బరువు నాకు తెలీలేదు.

"వాడి తాళాలూ గీళాలూ ఇప్పుడెవరి దగ్గరున్నాయి?"

"నా దగ్గరే. దాచేదేముంది, అందరికీ తెలుసు. మాలో ప్రతివాడూ తన రహస్యపదాలు ఇంకొకడికి అప్పగించి ఉంచాలి. రేపు బస్సు గుద్దినా పని ఆగకూడదు కదా. దాన్ని మేం 'బస్సు వీలునామా' అని నవ్వుకునేవాళ్ళం." అతను తెర తన వైపు తిప్పుకున్నాడు. "వాడికి నేను, నాకు వాడు."

"యజన్ పడిపోయినప్పుడు నువ్వెక్కడ?"

"ఇక్కడే, ఈ కుర్చీలోనే. ఆ మధ్యాహ్నమంతా పనిచేస్తూనే ఉన్నాను. చూసుకోండి, గంట గంటకీ నా పేరు మీద మార్పులు పడ్డాయి."

"నీ పేరు పనిచేసింది నాయనా. యజన్ పేరు కూడా పనిచేస్తోంది. పేరున్నచోట మనిషి ఉన్నట్టేనా?"

ముతసిం కుర్చీలో వెనక్కి వాలాడు. ఏదో చెప్పబోయాడు, ఇంతలో తలుపు దగ్గర ఎవరో చప్పట్లు కొట్టారు.

"ఆహా! గురువు గారు మారలేదు. ఏడుస్తున్నవాణ్ణి కూడా వదలరు!"

లుయై నాబుల్సీ. ఇన్సూరెన్సు కంపెనీ దర్యాప్తు అధికారి. ఒకప్పుడు పోలీసుల్లో నా కిందే పని నేర్చుకున్నాడు. నేర్చుకోవాల్సింది సగమే నేర్చుకుని, మిగతా సగానికి సెంటు పూసుకున్నాడు. గది నిండా ఆ వాసనే.

"ఒరేయ్ లుయై, నువ్వొస్తున్నావని మెట్ల దగ్గరే తెలిసింది. ముక్కు పగిలిపోయింది."

"నా రిపోర్టు తయారైపోయింది గురువు గారూ. సంతకం పెట్టడమే తరువాయి. తప్పుడు పరీక్ష రాసింది యజన్. మనిషి పోయాక తట్టుకోలేక దూకింది యజన్. మీరు ఆ పిల్లకి లేనిపోని ఆశలు పెట్టకండి, పాపం."

"పాపం అన్న మాట నీ నోటికి నప్పలేదురా."

"ఇదిగో, ఇది చూడండి." ఫోను తీసి, యజన్ ఫోనుకి వచ్చిన చివరి మెసేజ్ ఫొటో చూపించాడు. పడిపోవడానికి కాస్త ముందు వచ్చింది. 'మీ యంత్రం కనిపించడం లేదు.' "చావబోయే ముందు తన యంత్రాన్ని తనే ఆర్పేశాడు. దుకాణం కట్టేసి వెళ్ళిపోయేవాడు చేసే పనే కదా ఇది?"

"కట్టేసిన దుకాణం రోజూ తెరుచుకుంటోందేం మరి?"

లుయై ఫోను జేబులో పెట్టుకున్నాడు. ముతసిం మళ్ళీ గోడకేసి చూశాడు.

"ఆ యంత్రం ఎక్కడుందో రేపు వెతికి పట్టుకుంటాను. నీ సంతకం రేపటిదాకా ఆపు" అన్నాను లుయైతో, గట్టిగా, ముతసింకి కూడా వినపడేలా.

"సాయంత్రం దాకా ఆపగలను. అది కూడా మీ మొహం చూసి."

నిజానికి ఆ యంత్రం ఎక్కడుందో సీరీన్ నాకు అప్పటికే చెప్పింది. ఒక తాళంచెవి నా చేతిలో పెట్టింది, రెండోది వాళ్ళమ్మ దగ్గరుంది. అది ఉన్న గదికి యజన్ బతికుండగా తాళం వేసేవాడు కాదట, పోయాకే వీళ్ళు వేశారట. వీధిలోకి రాగానే లుయై చొక్కా పట్టుకుని టాక్సీలో తోశాను. "రేపన్నారుగా?" అని అరిచాడు. "వాడితో అన్నాను. నీతో కాదు. ఎక్కు" అన్నాను.

*

లువైబ్దె కొండ మీద పాత రాతి మేడ అది. యజన్ పై అంతస్తులో ఒక్కడే ఉండేవాడు. ఎడారి నుంచి దుమ్ము లేచింది, పట్టపగలే అంతా పసుప్పచ్చగా మసకేసింది. మెట్లెక్కుతుంటే మోకాలు ప్రాణం తీసింది. మధ్య అంతస్తులో ఒక తలుపు తెరిచే ఉంది, ఒక పెద్దావిడ నీటి బిందెలు వరసపెట్టుకుంటోంది. ఫాయెజ్ తల్లి, ఉమ్మ్ ఫాయెజ్. ఆ సందులో ఆమె చూడకుండా పిల్లి కూడా దాటదని సీరీన్ చెప్పింది.

"ఎవరమ్మా మీరు? పోలీసులా? పోలీసులైతే ఆ రోజే రావాల్సింది!"

"ఆలస్యంగా వచ్చే పోలీసునమ్మా. ఆ రోజు ఏం జరిగిందో చెబుతావా?"

"ఏముంది చెప్పడానికి? బట్టలారేస్తున్నాను. దబ్బుమని చప్పుడు. మధ్యాహ్నం దాటాక వచ్చే అసర్ అజాన్ ఇంకా మొదలవలేదు. సందులోకి చూస్తే..." ఆమె కొంగుతో నోరు మూసుకుంది. "నా బిడ్డ లాంటివాడు. కిందికి పరిగెత్తాను. అందరూ పరిగెత్తారు. వాడి తల నా ఒళ్ళో పెట్టుకుంటుంటే అజాన్ మొదలైంది. ఆ పిలుపు వింటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది."

"అప్పుడు మేడ మీద ఎవరున్నారు?"

"ఎవరుంటారు? అందరం వాడి చుట్టూనే ఉన్నాం. పైకెవరు చూశారు?"

"అంతకు ముందు ఎవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదే. పంపువాడు తప్ప."

లుయై గొణిగాడు. "పంపువాడి సంగతి నాకెవరూ చెప్పలేదే."

"నువ్వడిగితేగా నాయనా! మొదటి రోజు వచ్చి తలుపు దగ్గర్నుంచే వెళ్ళిపోయావు, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని."

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. "పంపువాడు ఎందుకొచ్చాడమ్మా?"

"ఎందుకో! నేనూ అదే అనుకున్నాను. మాకు నీళ్ళొచ్చేది మంగళవారం. పంపు చెడిందంటే ఆ రోజే తెలుస్తుంది, ఆ రోజే బాగుచేయిస్తాం. యజన్ పోయింది గురువారం. గురువారం నాడు పంపుతో పనేముంది? పొడుగ్గా, శుభ్రంగా ఉన్నాడు. సలాం కూడా చెప్పాడు. చేతిలో పనిముట్లు కూడా లేవు."

"మొహం చూస్తే గుర్తుపడతావా?"

"నా కళ్ళకేమైంది?"

"ఇంకొక్క మాట. యజన్ మేడ మీదికి ఎప్పుడెప్పుడు వెళ్ళేవాడు?"

"కరెంటు పోయి వచ్చినప్పుడల్లా. ఆ డబ్బా దానంతటది లేవదట, ఏదో రహస్యపదం కొట్టి లేపాలట. తిట్టుకుంటూ ఎక్కేవాడు, తిట్టుకుంటూ దిగేవాడు. దిగేటప్పుడు నా గుమ్మం దగ్గర ఆగి బిస్కట్లు తినిపోయేవాడు."

ఆమె బిందెల వైపు తిరిగి ఏడ్చింది. మేము చప్పుడు చేయకుండా పైకెక్కాం.

*

మేడ మీద నీళ్ళ ట్యాంకులు వరసగా ఉన్నాయి. ఆ మూల పిట్టగోడ మోకాలెత్తు కూడా లేదు. కింద ఆ సందు. నేను తొంగి చూడలేదు. పిట్టగోడకి ఆనుకుని ఇటుకల గది ఒకటి ఉంది, పంపు గది. తాళం తీస్తే లోపల్నుంచి వెచ్చగా గాలి తగిలింది, మూసిన గదిలో ఎవరో కూర్చుని ఊపిరి తీస్తున్నట్టు. వెనకనున్న లుయై ఆగిపోయాడు.

"లోపల ఎవరో ఉన్నారు."

"ఎవరూ లేరు. అదే యజన్ యంత్రం."

చెక్క అరమీద పాత కంప్యూటర్. దాని ఫ్యాను మూలుగుతోంది. పక్కన చాయ్‌లో వేసే మైరమియ్యె ఆకులు ఎండి అంటుకున్న గాజు గ్లాసు, అతను తాగి పెట్టినదే, ఎవరూ కడగలేదు. గోడకి ఒక ఉన్ని కోటు. నాకు ఎందుకో "లోపలికి రావచ్చా బాబూ?" అని అడగాలనిపించింది. నోటిదాకా వచ్చింది కూడా. సిగ్గేసి ఊరుకున్నాను.

తెర మీద ఎర్ర గుర్తు. కింద రెండు వరసలు. ఒకదాని మీద 'అడిగింది' అని, రెండోదాని మీద 'పెట్టింది' అని ఉంది. చెల్లెలికి కూడా అర్థమవ్వాలని అలా రాసుకున్నాడని సీరీన్ చెప్పింది.

"చదవరా లుయై. పైకి చదువు."

"మోత భాగం. అడిగింది 2.4. పెట్టింది 2.4. ఫెయిల్." గొంతు తగ్గించాడు. "కింద ఇంకోటి ఉంది. ప్రాజెక్టు అసలు పరీక్ష. అడిగింది 2.4. పెట్టింది..." ఆగాడు. "పెట్టింది 3.1. పాస్."

"అదీ సంగతి. పాతదానితో నడుపుతున్నామని పేరు. లోపల వేరే ఏదో భాగం 'నాకు కొత్తది కావాలి' అని అడిగితే, భాగాలు పెట్టే ప్రోగ్రాం చప్పుడు చేయకుండా కొత్తది పెట్టేసింది. కొట్టువాణ్ణి చవక చాయ్‌పొడి అడిగితే, అది లేక మంచిది కట్టి ఇచ్చినట్టు. నువ్వు ఇంటికెళ్ళి తాగి, 'చవకదే బ్రహ్మాండంగా ఉంది' అని ఊరందరికీ చెప్పావు. ఏళ్ళ తరబడి వీళ్ళు చూసింది పచ్చ గుర్తునే. లోపల ఏముందో ఎవడూ చూడలేదు."

"అయితే తప్పు యజన్‌దే. నేను రాసింది కూడా అదే!"

"తప్పు మొదట అతనిదే. కాదనను. టీచరమ్మ పోయాక ఆ తప్పుని వెతికి పట్టుకున్నదీ అతనే, రోజూ అందరి ముందూ ఒప్పుకున్నదీ అతనే. సిగ్గుతో చచ్చేవాడు చేసే పనేనా ఇది? ఆసుపత్రులన్నిటికీ చెప్పేస్తానన్నాడని సీరీన్ అంది. దేశమంతా సనద్ పెట్టించే ఒప్పందం మీద ముతసిం ఇవాళోరేపో సంతకం చేయబోతున్నాడు. ఎవరికి ఇబ్బంది?"

"ఊహలు గురువు గారూ. ఊహలతో రిపోర్టు రాయలేను."

"ఊహ కాదు. ఈ యంత్రం ఎప్పట్నుంచి ఆరకుండా నడుస్తోందో పైన ఉంది చూడు."

లుయై వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. సెంటు వాసన మీదుగా అతని చెమట వాసన తెలిసింది.

"యజన్ పోయిన గురువారం" అన్నాడు. "అసర్ అజాన్ అయిన తర్వాత."

"అజాన్ మొదలయ్యేసరికి యజన్ తల ఉమ్మ్ ఫాయెజ్ ఒళ్ళో ఉంది. ఈ యంత్రం ఆరితే దానంతటది లేవదు, రహస్యపదం కొట్టాలి. మరి ఎవరు లేపార్రా? కింద చచ్చి పడి ఉన్నవాడు పైకొచ్చి లేపాడా?"

దుమ్ముగాలి తలుపుని ఒకసారి కొట్టింది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

"ఎవడో యంత్రం ప్లగ్గు పీకాడు" అన్నాను. "యజన్ ఫోనుకి మెసేజ్ వెళ్ళింది. తిట్టుకుంటూ పైకొచ్చాడు. ప్లగ్గు పీకినవాడు ఈ పొట్టి పిట్టగోడ దగ్గర కాచుకుని ఉన్నాడు. సందులో జనం మూగి ఏడుస్తుంటే, ఒక్కరూ పైకి చూడకుండా ఉంటే, ఇక్కడ నిలబడి తీరిగ్గా రహస్యపదం టైపు చేశాడు."

"కానీ మళ్ళీ ఎందుకు లేపడం? ఆర్పేసి పోవచ్చుగా? ఎర్ర గుర్తు కూడా పోయేది."

"పొద్దున ముతసిం నాకు తన నోటితోనే చెప్పాడు. అప్పటికి నువ్వు రాలేదు. ఎర్ర గుర్తుని ఎవరూ పట్టించుకోరట. యంత్రం గంటసేపు కనిపించకపోతే మాత్రం ఇరవై దేశాలు లేచి కూర్చుంటాయట. బయటి దొంగైతే ప్లగ్గు పీకి పారిపోయేవాడు. వీళ్ళలో ఒకడికే తెలుసు, దీన్ని దాచాలంటే నడవనివ్వాలని. రహస్యపదం తెలిసిన రెండోవాడు ఎవడో అడుగు, బస్సు వీలునామా కథ వాడే చెబుతాడు."

లుయై గోడకానుకున్నాడు. జేబులోంచి రుమాలు తీసి ముక్కుకి కాదు, కళ్ళకి ఒత్తుకున్నాడు. "నేను సంతకం పెట్టేవాణ్ణి" అన్నాడు. "ఇంకో రెండు గంటలైతే పెట్టేసేవాణ్ణి."

ఏదో వెటకారం చేద్దామనుకున్నాను. మనసు రాలేదు.

అప్పుడు ఫ్యాను మోత పెరిగింది.

దాని మూలుగు ఒక్కసారిగా హెచ్చి, గదంతా కంపించింది. తెర మీద గీతలు పరుగెత్తాయి. మేం దేన్నీ ముట్టుకోలేదు. లుయై నా మోచెయ్యి పట్టుకున్నాడు, పట్టుకున్నట్టు వాడికే తెలీదు.

"ఎవరో దూరం నుంచి నడుపుతున్నారు" అన్నాడు.

"ఎవరి పేరుందో చూడు."

"యజన్."

గీతలు ఆగాయి. నెలకి పైగా ఎర్రగా ఉన్న గుర్తు నా కళ్ళ ముందే పచ్చబడింది. 'కనీసపు వెర్షన్ల పరీక్ష: పాస్. అంతా బాగుంది.' పక్కన మాసిన గడ్డంతో యజన్ నవ్వుతున్నాడు.

"కింద రెండు వరసలూ చదువు" అన్నాను.

"అడిగింది 2.4. పెట్టింది 3.1."

అదే పాత మోసం. మొదటిసారి తెలియక జరిగింది, ఈసారి తెలిసి చేశారు. చచ్చిపోయాక కూడా నిజమే చెబుతూ వచ్చినవాడి నోట్లో అబద్ధం కుక్కారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట కింద భయం కూడా ఉంది, ఎందుకు దాచాలి?

"తెర ఫొటో తియ్యి. తియ్యరా ముందు!" లుయై తీశాడు.

ఫోను మోగింది. సీరీన్.

"పిన్నీ..." ఏడుస్తోంది. "అన్నయ్య మెసేజ్ వచ్చింది. అంతా బాగుందట. రోజూ పొద్దున్నే ఆ ఎర్ర గుర్తు చూసుకుని లేస్తున్నాను పిన్నీ. ఇంకా పోట్లాడుతున్నాడు, ఇంకా మా అన్నయ్యే అనుకునేదాన్ని. ఇప్పుడిది... ఇది మా అన్నయ్య మాట కాదు. ఎవరో వాడి గొంతు తీసుకున్నారు."

"అవునమ్మా. వాడిది కాదు. నేను చూస్తున్నాను. ఇంటికి ఎవరైనా వచ్చారా ఇవాళ?"

"ముతసిం వచ్చాడు. చాలాసేపైంది. అమ్మ కాఫీ పోస్తే ముట్టుకోకుండా కింద పెట్టాడు. ఒకటి అడుగుతాను, ఇస్తానంటేనే తాగుతానన్నాడు. ఇంటికొచ్చి కప్పు కింద పెట్టినవాణ్ణి కాదని ఎలా అంటాం? మాకు పరామర్శకి వచ్చిందే పదిమంది, అందులో వాడొకడు. అమ్మ 'తాగు నాయనా, నువ్వడిగింది నీదే' అనేసింది."

"ఏమడిగాడు?"

"మేడ మీది గది తాళంచెవి. అన్నయ్య యంత్రం చివరిసారి అంతా బాగుంది అనేలా చేసి, మర్యాదగా ఆర్పి, గుర్తుగా తన దగ్గర దాచుకుంటాడట. చివరి మాట పచ్చగా ఉంటే, అది కనిపించకుండా పోయినా ఎవరూ కంగారు పడరన్నాడు. అమ్మ ఏడ్చేసింది, వాడి నుదురు ముద్దుపెట్టుకుంది. పిన్నీ? పిన్నీ, ఉన్నారా? నేనేమైనా తప్పు..."

"తలుపేసుకుని అమ్మ దగ్గర కూర్చో. నేను చెప్పేదాకా ఎవరికీ తియ్యొద్దు."

ఫోను ఆపాను. పచ్చ వెలుగు లుయై మొహం మీద పడుతోంది. మేడకి ఉన్నది ఒకటే మెట్లదారి. గదికి ఆనుకుని మోకాలెత్తు లేని పిట్టగోడ.

కింద వీధి తలుపు కిర్రుమంది. అడుగుల చప్పుడు, తొందర లేకుండా, ఒక్కో మెట్టూ ఎక్కుతూ. మధ్య అంతస్తు దగ్గర ఆగింది. ఉమ్మ్ ఫాయెజ్ గొంతు దుమ్ములోంచి స్పష్టంగా పైకి వినిపించింది.

"ఏం నాయనా, మళ్ళీ వచ్చావు? ఆ పంపు మళ్ళీ చెడిందా?"